మీగడ రంగు తోలు

సుమలత కారు దిగి, తలుపు వేయబోతూ సీటు వైపు చూసి కొయ్యబారిపోయింది. అటు పక్క నుంచి దిగిన, ఆ సీట్లు కుట్టిన శ్యాం, ఏ తేలో గీలో కనబడిందేమోనని వంగి చూశాడు. తేలయినా బాగుండేది. మీగడ రంగు తోలు మీద, సరిగ్గా మనిషి కూర్చునే చోట, అరచేయంత నల్లటి మరక. సుమలత కట్టుకున్న నేత చీరకు వెనకవైపు కూడా అదే మరక.

పొద్దున శ్యాం తన చేత్తో, తెల్లగుడ్డ పెట్టి తుడిచిన సీటు అది. వరంగల్ రోడ్డు మీద కాసేపు పోయి తిరిగొచ్చారు, అంతే. మే నెల, టాపు లేని కారు, ఎండ మాడు పగలగొట్టిన మాట నిజమే. కానీ ఎండకు మనిషి నల్లబడతాడు గానీ తోలెందుకు నల్లబడుతుంది?

"ఆయిలే అయుంటది అక్కా," అన్నాడు. అన్నాక అదెంత తెలివితక్కువ మాటో తనకే అర్థమైంది. ఇంజనులో ఉండాల్సిన ఆయిలు ఎగిరొచ్చి సీటు మధ్యలో కూర్చోదు కదా.

సుమలత చూపు ఆ మరక మీద నుంచి కదల్లేదు. ఎందుకో శ్యాంకు తెలుసు. ఆ తోలు మళ్లీ దొరకదు.

కారు ఆమె భర్త రాజలింగంది. భూపాలపల్లి బొగ్గు గనిలో ఇంజనీరు. వరంగల్‌లో ఒక పాత బంగళా వెనక, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న రెండు సీట్ల ఇంగ్లండు కారును చూసి మనసు పారేసుకున్నాడు. దాని అసలు పేరు జనగామలో ఎవరి నోరూ తిరగదు, అందరికీ అది టాపులేని కారే. కోళ్లను వెళ్లగొట్టి, ఇంజను బాగు చేయించి, లోపలి పనికి కావలసినవన్నీ ఒక్కొక్కటిగా ఏరి తెచ్చుకున్నాడు. అన్నీ అయ్యాక భార్యను పక్కన కూర్చోబెట్టుకుని కాటారం అడవి రోడ్డులో పోవాలని ఆయన కోరిక. ఆ రోడ్డులోనే, నాలుగేళ్ల కింద, ఆయన జీపు టైరు పేలి పల్టీ కొట్టింది. మనిషి దవాఖాన దాకా కూడా దక్కలేదు.

మహబూబాబాద్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే సుమలత, రెండేళ్లు ఆ కారు మొహం చూడలేదు. తర్వాత ఒకరోజు దాన్ని వ్యానులో ఎక్కించుకుని జనగామ తెచ్చి శ్యాం దుకాణం ముందు దింపింది. "సారు లోపలి పని నీకే ఇస్తా అనెటోడు. నువ్వే చెయ్యి తమ్మీ. అయినంక నేనే నడుపుకుంట కాటారం పోత," అంది.

శ్యాం దుకాణమంటే ట్రాక్టర్లు, ఆటోలు, బడి వ్యాన్లు. నల్ల రెగ్జిన్ వేసి పంపితే పదేళ్లు మళ్లీ చూడనక్కర్లేదు. అలాంటివాడికి ఈ కారు చుక్కలు చూపించింది. మొదటి నెలలో తలుపు అద్దం తిప్పే పిడి దొరకలేదని పాత అంబాసిడర్ పిడి బిగించాడు. నిగనిగలాడుతుంటే మురిసిపోయాడు కూడా. సుమలత వచ్చి చూసి, "గిది గీ బండిది కాదు," అంది.

"ఎవరు చూస్తరు అక్కా?"

"నేను చూస్త."

ఆ ఒక్క మాటతో వాదన అయిపోయింది. బానెట్ కింద రేకు మీద ఉన్న నంబరును బట్టి బండి ఏ ఏడాదిదో తేల్చారు. ఆ ఏడాది బండ్లకు సీటు మడతలు నిలువుగా ఉండాలి, తర్వాత వచ్చినవాటికి అడ్డంగా. తలుపు లోపలి అట్టకు సంచీ ఉండకూడదు. కింద పరిచేది, దారం ఉచ్చులు ఉచ్చులుగా పైకి తేలే కార్పెట్ కావాలి, ఆ ఉచ్చులు కత్తిరించినది పనికిరాదు. టాపు గుడ్డను పట్టి ఉంచే టిచ్ బటన్ల కోసం శ్యాం సికింద్రాబాద్ తుక్కు బజారులో చెప్పులరగదీశాడు. మొదట తిట్టుకున్నాడు, తర్వాత రుచి మరిగాడు. చివరికి ఎంత పిచ్చి పట్టిందంటే, సుమలతే "పర్వాలేదు తియ్" అన్న ఒక మరమేకును, తలలో గీత తప్పుగా ఉందని అతనే ఊడదీసి పారేశాడు.

అన్నిటికన్నా ముఖ్యం తోలు. ఆ మీగడ రంగు తోలు చేసే కార్ఖానా మూతబడింది. మిగిలిన చివరి ముక్కను రాజలింగం ఎవరెవరినో బతిమాలి తెప్పించుకున్నాడు. రెండు సీట్లకు సరిపోను ఉంది, పైన జానెడు కూడా లేదు. దాన్ని కోసిన రోజు శ్యాం మూడుసార్లు కొలిచి గానీ కత్తెర పట్టలేదు.

కోసింది, మిషను మీద కుట్టింది శ్యాం. సీటు అడుగున చివరి కుట్టు మాత్రం అతని తల్లి బుచ్చమ్మది. ఆ దుకాణంలో అది వాళ్ల నాయిన కాలం నుంచీ ఉన్న పద్ధతి. లోపల కొబ్బరిపీచు సర్దాక సీటును బోర్లా తిప్పి బుచ్చమ్మ ముందు పెడతారు. ఆమె పెద్ద సూదితో, చేత్తో మూస్తుంది. మూసేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. ఎందుకు అటు తిరుగుతుందని శ్యాం ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ముసలావిడకు వెలుతురు అటు బాగుంటుంది కాబోలు అనుకున్నాడు.

ఇప్పుడు మరక ముందు నిలబడ్డ శ్యాం, చూపుడువేలితో దాన్ని తాకాడు. జిగటగా ఉంది. వాసన చూశాడు. చిన్నప్పుడు చాకలామె తమ ఇంటి బట్టల మూలన గుర్తు పెట్టేప్పుడు వచ్చే వాసన. వేలు చురుక్కుమంది.

"ఇప్పి చూడు," అంది సుమలత.

సీటు ఊడదీసి దుకాణంలో బల్ల మీద బోర్లా వేశాడు. మూలన బుచ్చమ్మ ఎవరిదో ఆటో టాపుకు పట్టీ కుడుతోంది. కొడుకు చేతిలో బ్లేడు, దాని కింద తను మూసిన కుట్టు చూసి, ఆమె చేతిలో సూది ఆగింది.

శ్యాం కుట్టు తెంచి పీచులోకి చెయ్యి జొనిపాడు. సరిగ్గా మరక కింద ఏదో గట్టిగా తగిలింది. బయటికి లాగాడు. నల్లదారానికి గుచ్చిన మూడు నల్ల జీడిగింజలు, చాకలివాళ్లు బట్టల గుర్తుకు వాడేవే. దారం కోసం సూదితో పొడిచిన చోటల్లా రసం కారి, తారులా మెరుస్తోంది.

గుమ్మానికి, ఊయలకు దిష్టికి కట్టే జీడిగింజలు ఇంగ్లండు కారు సీటులో! బండి నంబరు చూసి, మరమేకు తల చూసి, ఉచ్చుల కార్పెట్ చూసి, ఇన్ని చూసిన తనకు సొంత తల్లి చెయ్యి కనబడలేదు.

"అవ్వా! గిదేంది?"

బుచ్చమ్మ బుకాయించలేదు. "దిష్టికి రా. రోడ్డు మీద పోయేటోళ్లందరు గా తెల్ల సీట్ల మీదనే కండ్లు పెడుతున్నరు. నడిపేటోళ్ల కింద ఉండాలె గది."

"నీకు దండం పెడ్త అవ్వా, తోలు పాయె గదనే! ఎవ్వరన్న సీట్ల జీడిగింజ పెడ్తరా?"

"అన్నిట్ల పెడ్త," అంది బుచ్చమ్మ. ఆమెకు నిజంగానే ఆశ్చర్యంగా ఉంది. "మీ నాయిన ఉన్నప్పటి సంది పెడ్తున్న. ఎన్నడన్న ఎవరన్న ఏమన్న అన్నరా?"

అన్నారు. ఆటో నడిపే దస్రు వచ్చినప్పుడల్లా తొడ గోక్కునేవాడు. ఎండ వేడి, నీళ్లు బాగా తాగమని శ్యామే సలహా ఇచ్చాడు. నల్ల రెగ్జిన్ మీద మరక కనబడదు, రసం పైకి అంతగా ఊరదు. బయట రోడ్డు మీద ఒక పత్తి ట్రాక్టరు పోతోంది, వెనక బడి వ్యాను. రెండు సీట్లూ తన దుకాణానివే. జనగామ జిల్లాలో సగం మంది తన తల్లి జీడిగింజల మీద కూర్చుని తిరుగుతున్నారు. ఇంకో రోజైతే నవ్వొచ్చేది.

"అక్కా, కిరసనాయిలుతోనన్న, దేంతోనన్న పోతదా?" అని సుమలతను అడిగాడు, ఏడవడమే తక్కువగా.

"దేనికీ పోదు తమ్మీ. పోయేదైతే బట్టల గుర్తుకు ఎందుకు పెడ్తరు?"

ఆమె కోపంగా లేదు. దానికే శ్యాంకు ఇంకా భయం వేసింది. ఆమె ఆ గింజల వైపే చూస్తోంది.

"అవ్వా, అన్నిటికీ మూడు పెడ్తవా?"

బుచ్చమ్మ తల అడ్డంగా ఊపింది. "ఒక్కటే పెడ్త బిడ్డా. నీకు మూడు పెట్టిన."

"నాకెందుకు మూడు?"

బుచ్చమ్మ పట్టీ మీద చెయ్యి రాస్తూ కూర్చుంది. సుమలత దగ్గరికి వెళ్లి ఆమె ముందు కింద కూర్చుంది. "మా సారు జీపు సీట్లు కూడ ఈడనే కుట్టిన్రు. గా సీట్ల పెట్టినవా?"

శ్యాంకు ఆ జీపు సీటు కళ్ల ముందుకొచ్చింది. రాజలింగం తొందరగా వెళ్లాలన్నాడు. ఆ రోజు...

"పెట్టలే బిడ్డా," అంది బుచ్చమ్మ. "గా దినం జఫర్‌గఢ్‌ల మా చెల్లె బిడ్డ పెండ్లి. నేను లేను. గా ఒక్క సీటు వీడే మూసిండు."

శ్యాంకు గుర్తొచ్చింది. అవును. తనే మూశాడు. అవ్వ వచ్చేదాకా ఆగడమెందుకని మిషను మీద రెండు వరసలు లాగించేశాడు. జీడిగింజకు, టైరుకు సంబంధం లేదని అతనికి తెలుసు. తెలిసి కూడా భయం వేసింది. అతన్ని అంతకన్నా కుదిపేసింది ఇంకొకటి. నాలుగేళ్లుగా అవ్వ రోజూ తనకు అన్నం పెడుతూ, తన చేతుల వైపు చూస్తూ, ఈ మాట మింగి కూర్చుంది. చెబితే కొడుకు తట్టుకోలేడని.

"టైరు పేలింది అవ్వా," అంది సుమలత. కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. "పాత టైరు. మార్చుమని నేను రెండు మాట్ల చెప్పిన. గట్టిగ చెప్పకపోతినని నేను ఇంత కాలం ఏడుస్తున్న. సీటు ఏం చేస్తది? శ్యాం ఏం చేస్తడు?"

"ఎరికే బిడ్డా. ఎరికైనా పానం ఒప్పదు. నువ్వు గదే తొవ్వల పోత అంటివి, గందుకే మూడు."

సుమలత లేచి ముక్కు తుడుచుకుంది.

"శ్యాం, పీచు మార్చు. తోలు కింద ప్లాస్టిక్ కాయితం ఏసి, పైన మందం గుడ్డ పరువు. గదే తోలు మళ్ల ఎయ్యి."

"మరకతోనా? అక్కా, కరెక్టు కాదు గద!" ఆ మాట అనేసి శ్యామే నాలిక్కరుచుకున్నాడు.

"మరకతోనే. మూసుడు మాత్రం అవ్వే మూయాలె. గవి మూడు కింద ఇనుప చట్రానికి కట్టుండ్రి, తోలుకు తాకకుంట."

బుచ్చమ్మ సూది అందుకుంది. దారం ఎక్కించలేకపోయింది. శ్యాం ఎక్కించి ఇచ్చాడు. అతని వేలి మీద అప్పటికే బొబ్బ లేస్తోంది. ఈసారి ఆమె గోడ వైపు తిరగలేదు.

మరుసటి ఆదివారం సుమలత ఒక్కతే బయలుదేరింది. కొత్త టైర్లు. కారు వరంగల్ రోడ్డు ఎక్కి కనుమరుగయ్యాక శ్యాం దుకాణంలోకి వచ్చి పనిలో పడ్డాడు. బుచ్చమ్మ గుమ్మంలోనే నిలబడింది. స్టూలు వేస్తే కూర్చోలేదు, అన్నం తెస్తే వద్దంది. మధ్యాహ్నం దాటింది. ఫోను మోగగానే శ్యాం స్పీకరు పెట్టాడు.

"అవ్వా, కాటారం దాటిన," అంది సుమలత.

బుచ్చమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. కూర్చుని, కొడుకు చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, బొబ్బ లేచిన వేలును చీర కొంగుతో మెల్లగా తుడిచింది.