ఇసిపింగోలో పట్టుకున్న బల్ల

నేటాల్ మొత్తంలో సుధీర్ చూడని వడ్రంగి చోటంటూ లేదు. ఈ మాట అతను కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. నిజానికి గ్రీన్‌వుడ్ పార్క్‌లో తను అద్దెకున్న ఇంటికి దారి కూడా అతనికి సరిగ్గా తెలీదు. అలా దారి తప్పి తిరుగుతుంటే దొరికినవే ఆ చోట్లలో సగం.

శనివారం వస్తే చాలు, బయల్దేరేవాడు. ఉమ్‌హ్లాలి చెరకుతోటల మధ్య చిన్న చర్చిలో అందరూ మోకాళ్ల మీదుంటే, ఇతను బెంచీ కింద పడుకుని అతుకులు తడిమేవాడు. రోడ్డు పక్కన గరిటెలు చెక్కే జులూ తాత ముందు గొంతుక్కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు.

నల్లా తెల్లా తేడా లేకుండా అందరూ కలిసి మొదటిసారి ఓట్లేసిన మరుసటి ఏడు ఇక్కడి పని ముగిసింది. హైదరాబాదులో కొత్త ఉద్యోగం. సోమవారం చేరకపోతే ఇంకొకరికిచ్చేస్తారు. శనివారం విమానానికి వెళ్తూ, దారిలోనే కదా అని, ఇసిపింగోలో రాయ్, రోజ్‌మేరీ దంపతుల వడ్రంగి షెడ్డు ముందు టాక్సీ ఆపించాడు.

షెడ్డు నడుమ, ఎల్లోవుడ్ అనే అక్కడి అడవిచెట్టు కలపతో చేసిన పనిబల్ల. దాని కాళ్లు సిమెంటు నేలను చీల్చుకుని లోపలికి దిగిపోయాయి. బల్ల మూలనుంచి లేచిన పచ్చికొమ్మకు ఏప్రన్లు తగిలించి ఉన్నాయి. రోజ్‌మేరీ ఆ కాళ్ల మొదట్లో చెంబుతో నీళ్లు పోస్తోంది.

"చెక్కంటే నాకు ప్రాణం ఆంటీ. ముట్టుకుని జాతి చెప్పేస్తా," అంటూ సుధీర్ బల్ల మీద అరచెయ్యి ఆనించాడు.

బల్లలోంచి బెరడు నెమ్మదిగా వేళ్ల మీదికి పాకి, మణికట్టు దగ్గర ఆగింది.

"రాయ్, బల్ల ఈ అబ్బాయిని పట్టుకుంది. టీ పెట్టు," అంది రోజ్‌మేరీ.

"నాకు ఫ్లైటుంది ఆంటీ."

"మా ఆయనకీ ఆ రోజు బస్సుండేది. ఇన్సూరెన్సు అమ్మడానికొచ్చాడు. మా పెళ్లయి ఇరవయ్యేళ్లు."

"మరి ఎప్పుడొదిలింది?"

"ఒదిలిందని ఎవరన్నారు?" అన్నాడు రాయ్ వెనకనుంచి.

సుధీర్ చెయ్యి గుంజాడు. అంతవరకూ ఇంగ్లిషులో మాట్లాడిన రోజ్‌మేరీ, చెరకుతోటల్లో కూలికొచ్చిన వాళ్ల ముత్తవ్వ నాటి తెలుగులో కసిరింది. "లాగమాకురా ఎదవా, దానికి నొప్పి."

అరచేతి కింద చల్లగా ఏదో ఎక్కుతోంది. మట్టిలోంచి నీళ్లు. నీళ్ల వెనకే అడవి వచ్చింది: మంచు, కొమ్మల మీద వాలిన పక్షుల బరువు, తను పుట్టడానికి ఎన్నో తరాల ముందు కురిసిన వాన. ఇన్ని చోట్లు తను చూశాడు. తనని చూసిన చోటు ఇదొక్కటే.

టాక్సీ హారన్ మోగింది. బెరడు వెనక్కి తగ్గి, చేతిని వదిలేసింది. రోజ్‌మేరీ అతనికి దారిచ్చి పక్కకి జరిగింది. సుధీర్ చెయ్యి తియ్యలేదు.

టాక్సీవాడు విసుక్కుంటూ పెట్టె గుమ్మంలో దింపి వెళ్లిపోయాడు. కాసేపటికి తల మీదుగా విమానం పోతే పైకప్పు రేకులు గలగలలాడాయి.

"కొత్త స్కూలుకి బెంచీలు చెయ్యాలి. ఊళ్లో పిల్లలందరూ ఇక ఒకే గదిలోనట," అన్నాడు రాయ్. "నా చేతులు వణుకుతున్నాయి. నువ్వు చిత్రిక పట్టు." పనిముట్టు చేతికిచ్చాడు.

సుధీర్ దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

"అంకుల్, నేను చూడ్డమే గానీ ఎప్పుడూ ఉలి పట్టింది లేదు. మా ఇంట్లో క్యాలెండరుకి మేకు కూడా పక్కింటావిడే కొట్టింది."