పంటికింద స్క్రూడ్రైవరు

నేను ఒక స్క్రూడ్రైవరుని. మూరెడు పొడవు, పసుపు ప్లాస్టిక్ పిడి. పేరుకి స్క్రూడ్రైవరునే గాని స్క్రూ తిప్పి ఇరవై ఏళ్ళయింది. మీలో కూడా హోదాకీ చేసే పనికీ పొంతన లేనివాళ్ళు చాలామందే ఉంటారు కాబట్టి నేను పెద్దగా సిగ్గుపడను.

పుట్టింది జలంధర్‌లో. తణుకులో నన్ను మొదట కొన్న రైసుమిల్లు ఫిట్టరు నాతో రంగుడబ్బాల మూతలు లేపేవాడు, వీపు గోక్కునేవాడు. ఒకరోజు బుల్లబ్బాయి మేస్త్రి వచ్చి, ఇప్పుడే ఇచ్చేస్తానని నన్ను పట్టుకెళ్ళాడు. కార్ల షెడ్డుల్లో ఇప్పుడే అంటే ఎంతసేపో నాకు ఆరోజు తెలియదు. ఫిట్టరు కాలం చేసి కూడా తొమ్మిదేళ్ళయింది.

మేస్త్రి దగ్గరే నాకు గౌరవం దక్కింది. బండిలో ఏదైనా వింత చప్పుడు వస్తే, ఇంజను నడిపించి, నా మొన ఇనుముకి ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. లోపల ఏది అరుగుతోందో నాలోంచి వినేవాడు. డాక్టరు మెడలో గొట్టం లాంటిదాన్నే, కాకపోతే నన్ను పట్టుకునేముందు ఎవరూ చేతులు కడుక్కోరు. రోడ్డు వారనున్న పది షెడ్లకీ బుల్లబ్బాయి చెవి అంటే ఆఖరి మాట. మోసేది నేను, పేరు ఆయన చెవికి. సరే, కానివ్వండి.

ముప్పయ్యేళ్ళు సుత్తి దెబ్బల మధ్య గడిపాక ఆ చెవులు రెండూ పోయాయి. ముందు కుడిది, ఏడాది తిరక్కుండా ఎడమది. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరేం చెప్పినా గంభీరంగా తలూపడం మొదలెట్టాడు. హారను మోగడం లేదన్న బండికి వైపరు మార్చి పంపాడు. భార్య కనకం మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి చెప్పే మాటలు వినపడక, వయసొచ్చాక మనిషి నెమ్మదించిందని లోలోపల తెగ సంతోషించాడు. చెవిటి మెకానిక్ దగ్గరికి బండెవడు తెస్తాడన్నది ఆయన భయం. ఆ భయం నాకూ ఉంది. ఆయన షెడ్డు మూస్తే నన్ను పాత ఇనుములో పడేస్తారు.

అలాంటి రోజుల్లో వచ్చింది రత్నకుమారి గారి కారు. ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. వేగం నలభై దాటితే చాలు, కిందనించి గరగరమని ఒకటే మూలుగు. నేర్చుకునేవాళ్ళు తప్పు తమదేననుకుని బిక్కచచ్చిపోతున్నారట. పక్క షెడ్డు నూకరాజు గేరుబాక్సు విప్పాల్సిందేనన్నాడు. తనకి జలుబు చేసినా గేరుబాక్సే విప్పే రకం అతను. బుల్లబ్బాయి గారు విని చెబితేనే విప్పిస్తానని ఆవిడ పట్టుబట్టింది. తమాషా చూడటానికి నూకరాజు కూడా వెంట వచ్చాడు.

కారుని స్టాండ్ల మీదకి ఎత్తారు. రత్నకుమారి గారు స్టీరింగు ముందు కూర్చుని, గేరు వేసి చక్రాలు గాల్లో తిరగనిచ్చింది. మేస్త్రి కిందికి దూరి, నూకరాజు వేలు పెట్టి చూపించిన గేరుబాక్సుకి నా మొన ఆనించాడు. పిడి కుడి చెవికి పెట్టుకున్నాడు. ఏమీ వినపడలేదు. ఎడమ చెవికి పెట్టుకున్నాడు. ఊహూఁ. గేరుబాక్సు నున్నగా నడుస్తోందని నేను చెబుతూనే ఉన్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

పక్కకి జరగడానికి రెండు చేతులూ కావలసి, నా పిడిని పళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఆ కిళ్ళీ కంపు సంగతి వదిలేయండి. జరుగుతుండగా నా మొన కుడి ముందు చక్రం వెనకాల, కదలని ఇనుముకి తగిలింది. ఇసుక నమిలినట్టు ఒక గరగర నాలోంచి ఆయన పళ్ళలోకి, దవడలోకి, అక్కణ్ణించి తలలోకి పోయింది. మేస్త్రి బిగుసుకుపోయాడు. మళ్ళీ గేరుబాక్సుకి ఆనించి కొరికాడు. నునుపు. మళ్ళీ చక్రం దగ్గర. గరగర. మూడుసార్లు అటూ ఇటూ పెట్టి చూసుకున్నాక, ఎవరూ చూడటం లేదనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"గేరుబాక్సు ముట్టుకోవద్దండి. కుడి ముందు చక్రం బేరింగు పోయింది," అన్నాడు బయటికొచ్చి.

బేరింగు మార్చాక ఆ కారు మళ్ళీ మూలగలేదు. కానీ నూకరాజు వంగి అంతా చూశాడు. బుల్లబ్బాయి ఇనుము రుచి చూసి రోగం చెబుతున్నాడని షెడ్డుషెడ్డుకీ తిరిగి చాటాడు. వారం తిరిగేసరికి రోడ్డు వారనున్న స్క్రూడ్రైవర్లన్నీ నోళ్ళలోనే. ఒకడికి పన్ను ఊడింది, ఇంకొకడికి మూతి కాలింది. నూకరాజయితే గేరు నూనె పులిసిపోయిందని బండ్లవాళ్ళకి చెప్పడం మొదలెట్టాడు. నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు.

కనకం మాత్రం నమ్మలేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ తెచ్చేసరికి మేస్త్రి ఒక బండి ముందు వంగి నన్ను కొరికిపట్టుకుని ఉన్నాడు. ఆవిడ కాసేపు ఆయన దవడ వంక చూసింది. వెళ్ళి ఇంజను ఆపింది. నా మొన పట్టుకుని తనవైపు తిప్పి, చెంగుతో గ్రీజు తుడిచి, తన గడ్డం ఎముకకి గట్టిగా ఆనించుకుంది.

"ఏవండీ, మూడేళ్ళనించి మొత్తుకుంటున్నాను. ఏలూరెళ్ళి ఆ చెవులు చూపించుకుందామండి."

నేను మోయని చప్పుడు లేదు. కానీ ఆ గొంతులో ఉన్న వణుకు నాకు కొత్త. అది ఒక్క పిసరు కూడా పోకుండా ఆయనకి అందించాను. మేస్త్రి నన్ను నోట్లోంచి తీసి, భార్య మొహంలోకి చూశాడు.

"మూడేళ్ళనించీ మాట్లాడుతూనే ఉన్నావా, కనకం?"

ఆవిడ జవాబు వినడానికి మళ్ళీ నన్ను పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.