తగ్గించిన అద్దె

దీవుల్లో ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్ నుంచి ప్రోతరాపూర్ బడికి బదిలీ మీద వచ్చేనాటికి శాంతకుమారికి ఈ ఊళ్లో తెలిసిన మనిషి, భర్త స్నేహితుడు యేసురాజు ఒక్కడే. ఆమె భర్త శామ్సన్ పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆస్పత్రిలో శామ్సన్‌ని కనిపెట్టుకుని ఉన్నదీ, సమాధి దగ్గర తెలుగులో ప్రార్థన చేసిందీ యేసురాజే. అందుకే అతను "ఇంటి సంగతి నాకొదిలెయ్ చెల్లెమ్మా" అంటే మరో మాట లేకుండా వదిలేసింది.

రెండు గదులు, వెనకాల బావి. ఇంటాయన గవరయ్య ఫెరార్గంజ్‌లో వక్కతోట చూసుకుంటూ అక్కడే ఉంటాడు. "ముసలాయన కోపిష్టి. నీకు పడదు. అద్దె నా ఫోనుకి పంపించు, నేనిచ్చుకుంటాను" అన్నాడు యేసురాజు. అద్దె తొమ్మిది వేలు. మూడో నెలనుంచి నీళ్లకని ఐదొందలు కలిసింది. ఆ తర్వాత మరమ్మతులకని ఏడొందలు. "ముసలాయన లాలచీ మనిషి చెల్లెమ్మా, ఎంతిచ్చినా చాలదు, క్యా కరే!" అని అతనే నొచ్చుకుంటుంటే, శాంతకుమారి ఓదార్చి టీ ఇచ్చేది.

ఈ ఏడాది బళ్లో ఇంటద్దె భత్యానికి ఒప్పందం కాగితం అడిగారు. తోటి టీచరు మంజు చెప్పింది: "కొత్త చట్టం వచ్చింది కదా దీదీ. అద్దెంతో, నీళ్లకెంతో, అడ్వాన్సెంతో అన్నీ రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి ఆఫీసులో ఇవ్వాలి. అందులో లేనిది వసూలు చెయ్యకూడదట."

"మనలో మనకి కాగితాలేంటి చెల్లెమ్మా" అంటూ యేసురాజు రెండు నెలలు నాన్చాడు. పాపం, అతన్నెందుకు తిప్పడం అనుకుని ఒక శనివారం ఆమే ఫెరార్గంజ్ బస్సెక్కింది.

గవరయ్య వాకిట్లో వక్కలు ఆరబోస్తున్నాడు. కేకలేస్తాడని భయపడుతూ వెళ్తే, పీట వేసి కొబ్బరిబోండం కొట్టిచ్చాడు.

"ఏటమ్మా, ఇంట్లో ఏటైనా పాడయిందా?"

ఆమె కాగితం తీసింది. "అద్దె తొమ్మిది వేలు, నీళ్లకి ఐదొందలు, మరమ్మతులకి ఏడొందలు. ఇలాగే రాయమంటారా?"

ముసలాయన చేతిలో చేట కింద పెట్టాడు. "తొమ్మిదేటి? నాకొచ్చేది ఆరున్నరే. బావినీళ్లకి డబ్బులేటి?"

ఆమె ఫోను తీసి నెలనెలా యేసురాజుకి పంపిన లెక్క చూపించింది.

"ఎనిమిదికిద్దామనుకున్నాను. యేసురాజొచ్చి, మొగుడు పోయిన పిల్ల, చంటిదాన్ని ఏసుకుని వొచ్చింది, ఇచ్చుకోలేదని ఏడిసినంత పని చేసినాడు. పాపమని తగ్గించీసినాను."

డబ్బు సంగతి ఆమెకి తర్వాతెప్పుడో తట్టింది. ముందు ఒళ్లు మండింది ఆ ఏడుపు విని. శామ్సన్ చావు చూపించి అడుక్కొచ్చి, అది కాస్తా జేబులో వేసుకున్నాడు.

"ఎనిమిదే రాయండి బాబాయ్" అంది.

"ఎందుకమ్మా?"

"నా పేరు చెప్పి ఇంకొకరు అడుక్కొచ్చిన తగ్గింపు నాకొద్దు."

ఆయన కలం తీసుకుని ఏడున్నర రాశాడు. కింద "నీళ్లకి ఏమీ లేదు" అని పెద్దక్షరాలతో రాసి సంతకం పెట్టాడు.

ఒకటో తారీకు దాటినా డబ్బు రాకపోయేసరికి యేసురాజు ఇంటికొచ్చాడు. "మామయ్యా" అని పరిగెత్తబోయిన కూతురు ఏంజెలీనాని శాంతకుమారి లోపలికి పంపేసి, కాగితం అతని ముందు పెట్టింది.

చదివి, నవ్వబోయాడు. "నేను తిరిగిన తిరుగుడికి ఆమాత్రం ఉండదా చెల్లెమ్మా? బ్రోకరైతే ఇంకా గుంజేవాడు."

"బ్రోకరైతే ముందే చెప్పేవాడు. మీరు అడిగినా ఇచ్చేదాన్ని."

"శామ్సన్ ఉంటే నాతో ఇలా మాట్లాడనిచ్చేవాడా?"

"ఆయన పేరెత్తకు." ఇన్నేళ్లలో అతన్ని నువ్వనడం అదే మొదటిసారి. "నువ్వు ఎత్తకు."

సోమవారం అద్దె ఆఫీసులో ఒప్పందంతోపాటు ఫిర్యాదూ ఇచ్చింది. నెలనెలా పంపిన డబ్బు లెక్క ఫోనులోనే ఉంది. ఆఫీసర్ యేసురాజుని పిలిపించి, "ఏ రసీదు మీద వసూలు చేశావు భయ్యా?" అనడిగితే అతను, అదనంగా తీసుకున్నది మూడు విడతల్లో తిరిగిచ్చేస్తానని రాసిచ్చాడు.

మొదటి రెండూ ఫోనుకే వచ్చాయి. మూడోది అతని భార్య మేరి కవర్లో పెట్టి తెచ్చింది. ఆదివారాలు చర్చిలో శాంతకుమారి పక్కన కూర్చునే మనిషి. వరండాలో కుర్చీ పక్కనే నిలబడింది, గుమ్మం దాటలేదు.

"నాకేం తెలీదు వదినా. ఒట్టు."

"కూర్చో వదినా, టీ పెడతాను" అంది శాంతకుమారి. స్టవ్ దగ్గర నిలబడి పాలు పొయ్యకుండా అలాగే ఉండిపోయింది. నమ్మాలనే ఉంది. కానీ ఈ రెండేళ్లలో మేరి అన్న ప్రతి మాటా, చేసిన ప్రతి సాయమూ ఒక్కొక్కటే గుర్తుకొచ్చి, ఏది నిజమో ఏది కాదో తేలలేదు. ఆమె బయటికొచ్చేసరికి కుర్చీ మీద కవరు మాత్రమే ఉంది.