గీతకు అవతలి గది

ఆస్పత్రి బట్టలుతికే షెడ్డులో నేల మీద ఒక పసుపు గీత ఉంది. గీతకు అవతల విడదీసే గది. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లను దులిపి, వేరుచేసి, బండికెత్తేది అక్కడే. ఇవతల యంత్రాలు, వాటి తర్వాత ఇస్త్రీ బల్లలు. అవతలి పనంతా వెనక వీధి ఆడవాళ్లదే. వాళ్లు బండిని గీత దాకా తోసి నాలుగడుగులు వెనక్కి జరిగితే, యంత్రాల దగ్గరుండే కొక్కెం మామ పొడుగాటి ఇనప కొక్కెంతో దాన్ని ఇవతలికి లాక్కునేవాడు. గీత మొదట ఎవరు గీశారో ఎవరికీ తెలియదు. వెలిసినప్పుడల్లా మళ్లీ రంగు వేసేవాళ్లు మాత్రం ఉన్నారు.

ఆ సోమవారం పొద్దున అవతల ఒకామె అరచేతిలో సూది దిగింది. దుప్పటి మడతలో ఎవరో వదిలేసిన సూది. మందుల పెట్టె ఇవతలి గోడకుంది. ఆమె చెయ్యి పైకెత్తి గీత దగ్గర నిలబడింది. రక్తం మోచేతి దాకా కారింది. కొక్కెం మామ కొక్కేనికి దూది పొట్లం తగిలించి అందించాడు. ఇస్త్రీ బల్ల దగ్గరున్న వదిన అంతా చూసింది. చూసి, తల దించుకుని, దిండు గలీబు ఇస్త్రీ చేసింది.

షెడ్డులో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. పుట్టిల్లు ఎక్కడని అడిగితే దూరమని చెప్పేది. పన్నెండేళ్లుగా ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. వేస్తే ముందు పోయేది అద్దె గది, ఆ తర్వాత బల్ల దగ్గర చోటు.

వారం తిరక్కుండా ఒక మాట పొక్కింది. వెనక వీధి ఆడవాళ్లు పనయ్యాక తలుపేసుకుని విడిగా మాట్లాడుకుంటున్నారట. సమ్మె నోటీసు ఇవ్వబోతున్న యూనియన్ సెక్రటరీకి అది మింగుడుపడలేదు. షెడ్డు నడిపే కాంట్రాక్టరే వాళ్లను చీలదీస్తున్నాడని అతని అనుమానం. వదినను పక్కకు పిలిచి కూపీ లాగమన్నాడు.

"నువ్వైతే ఎవరితోనైనా కలిసిపోతావు వదినా. వెనకున్నదెవరో తేల్చు. గురువారం మీటింగులో చెబుదువుగాని."

ఆమె కాదనలేకపోయింది. కాదంటే ఎందుకని అడుగుతారు.

గీత దాటి తలుపు తోసేసరికి లోపల మాటలు ఆగిపోయాయి. పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్లలో పెద్దామెను పెద్దమ్మ అంటారు. ఆమె కూర్చోమనలేదు. ఊరికే వచ్చావా, పంపిస్తే వచ్చావా అని అడిగింది. సాయం చేద్దామని వచ్చానంది వదిన. పెద్దమ్మ ఒక దుప్పటి తీసి ఆమె మీదకు విసిరింది.

వదిన చేతులు ఆలోచించలేదు. రెండు మూలలూ వేళ్ల కొసలతో పట్టుకున్నాయి. చేతులు బారచాపి, ముఖం పక్కకు తిప్పి ఒక్క విదిలింపు విదిలించింది. ఆగి, నేలకేసి చెవి వంచింది. సూది ఉంటే బండ మీద టిక్కుమంటుంది. ఆ చప్పుడు కోసం ఆగడం ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరూ నేర్పరు.

గదిలో ఎవరూ కదల్లేదు.

"ఎవరి కూతురివే?" అంది పెద్దమ్మ.

వదిన చెప్పింది. పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"పాత ఆస్పత్రిలో మీ అమ్మా నేనూ ఎదురెదురుగా దులిపేవాళ్లం. సూది గుచ్చుకున్నాక పట్టిన జ్వరంతోనే పోయింది. నిన్ను మీ పిన్ని ఎక్కడికో తీసుకుపోయిందన్నారు. అన్నీ తెలిసీ పన్నెండేళ్లు అటువైపు నిలబడ్డావు."

సూది దిగినామె కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని యూనియన్ కోరికల కాగితం చూపించింది. అందులో యంత్రాలకు అడ్డుకంచెలు, ఇస్త్రీ బల్లలకు ఫ్యాన్లు ఉన్నాయి. చేతికి తొడుగులు లేవు. "కార్మికులు అని రాశారు. ఆ మాటలో మా చేతులెక్కడున్నాయో వెతుకుతున్నాం," అంది.

అందరివీ నెగ్గాక మీ సంగతి చూస్తామని యూనియన్ మూడుసార్లు చెప్పిందట. ఆడవాళ్ల సంఘానికి వెళితే వీధి సంగతి ఎత్తొద్దన్నారట. వీధి పెద్దల దగ్గరికి వెళితే ఆడవాళ్ల సంగతి ఎత్తొద్దన్నారట. తమకేం జరుగుతోందో తాము చెబితే తప్ప ఇంకెవరూ చెప్పరని అప్పుడు తెలిసొచ్చిందట. కాంట్రాక్టరు మనిషి కూడా వచ్చి, విడిగా సంఘం పెట్టుకుంటే పెద్దమ్మను ఆ గదికి సూపర్‌వైజర్ చేస్తామన్నాడట.

"గీత అట్లాగే ఉంచి నాకు కుర్చీ వేస్తాడంట. పొమ్మన్నా," అంది పెద్దమ్మ.

పొమ్మన్నదో లేదో ఎవరు చూశారు, అనుకుంది వదిన. తనను నమ్మినవాళ్లూ ఆ గదిలో లేరు. వెళ్లేటప్పుడు మళ్లీ రమ్మని ఎవరూ అనలేదు.

గురువారం మీటింగులో సెక్రటరీ ఆమెను లేపాడు. కాంట్రాక్టరు అని ఒక్క మాటంటే చాలు, అద్దె గదీ బల్లా రెండూ నిలుస్తాయి. వదిన మీటింగు బల్ల మీది గుడ్డ తీసింది. రెండు మూలలూ పట్టుకుని దులిపి, చెవి వంచింది.

"ఇది మా అమ్మ నేర్పింది. నాది వెనక వీధి. వాళ్ల వెనక ఎవరూ లేరు."

బెంచీ మీద పక్కనున్న ఇస్త్రీ ఆమె జానెడు అవతలికి జరిగింది.

ఇది మనల్ని చీల్చే మాట అన్నాడు సెక్రటరీ. "చీలిక నేల మీద పసుపు రంగులో ఉందిగా," అంది వదిన. "రంగు డబ్బా మోసింది మనవాళ్లే. వాళ్లు దాన్ని చూపిస్తున్నారు, అంతే. అక్కడ తప్పిన సూది రేపు మీ యంత్రంలోకే వస్తుంది."

మీటింగు ఏమీ తేల్చకుండా ముగిసింది.

మర్నాడు పొద్దున బండి రాలేదు. పద్నాలుగు మందీ గీతకు అవతల వరసగా కూర్చున్నారు. యంత్రాలు ఖాళీగా తిరిగి ఆగిపోయాయి. షెడ్డు సూపర్‌వైజర్ ఇస్త్రీవాళ్లను వెళ్లి దులపమన్నాడు. వాళ్లు వదిన వంక చూశారు. దులపడం రానివాళ్లు చెయ్యి పెడితే గుచ్చుకుంటుందని చెప్పి, ఆమె ఇస్త్రీ పెట్టె ఆపింది. గీత దాటి వరస చివర కూర్చుంది. పెద్దమ్మ తల తిప్పి చూసింది. సూపర్‌వైజర్ ఫోను తీశాడు. కాసేపటికి గేటు దగ్గర పోలీసు వ్యాను ఆగింది.

సెక్రటరీ కోరికల కాగితంతో వచ్చి గీత దగ్గర ఆగాడు. "ఏం రాయాలో చెప్పు పెద్దమ్మా, రాస్తాను," అన్నాడు.

పెద్దమ్మ చెయ్యి చాపింది. "కలం ఇటివ్వు. రాసేది మేము. నువ్వు వచ్చి కూర్చో."

వదిన అతని ముఖం చూడలేదు, చెప్పులు చూసింది. గేటు వైపు నుంచి బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. చెప్పులు గీత మీద ఆగాయి, దాటాయి. అతని వెనక ఇనుము నేల మీద పడింది. కొక్కెం మామ ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు.

వదిన జానెడు పక్కకు జరిగి చోటిచ్చింది.