గీత మీద కొబ్బరికాయ

పరకాల దాటాక డీసీఎం వ్యాను మూడోసారి ఆగింది. రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు పేర్చి ఉన్నాయి. రాళ్ల వెనుక మూడు పొయ్యిలు, పొయ్యిల మీద అన్నం గుండిగలు. సకల జనుల సమ్మె మొదలై అది పదిహేనో రోజు. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గుబాయిల్లోకి దిగేవాళ్లు లేరు. ఊళ్లకు ఊళ్లు రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తింటున్నాయి.

వ్యాను వెనుక పదిమంది ఆడపిల్లలు, ఒక్కరు తప్ప అందరూ ఇనుప చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. నీలం టీషర్టుల మీద పసుపు అక్షరాలు: వెంకట్రాం గ్రానైట్స్, మానుకోట.

గరిటె చేతబట్టుకున్న ఒక పెద్దాయన తల పైకెత్తి చూశాడు.

"ఏ టీమమ్మా మీది?"

"మానుకోట కబడ్డీ టీమే పెద్దబాపూ" అంది రాజీ.

"ఓహో, గా ఓడిపోయే టీమా! జనగామల జూసిన. ఒరేయ్, రాళ్లు తియ్యున్రిరా. వీళ్లు భూపాలపల్లి పోయి ఓడిపోవాలె, ఆలిశమైతది."

పొయ్యిల చుట్టూ ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. రాజీకి కోపం రాలేదు. ఎండకు మాడిన మొహంతో తనూ నవ్వింది.

"ఓడిపోయినా జై తెలంగాణ అనుకుంటనే ఓడిపోతం గని, జల్ది తీయుర్రి. రెండింటికి ఆట ఉన్నది."

రాళ్లు తీశారు. వ్యాను కదిలింది. రాజీ నవ్వు అక్కడే ఆగిపోయింది. వెనుక మూలన బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చున్న గంగాబాయి ఎడమకాలు చాపి, పిక్కను రెండు చేతులతో పట్టుకుని ఉంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఆ పిక్క రెండింతలైంది.

"కండ పట్టుకున్నది, గంతే. రెండు కూతలు పోతే అదే ఇడుస్తది" అని పొద్దున కోచ్ నిరంజన్ తేల్చేశాడు. ఆయన ఇప్పుడు డ్రైవర్ పక్కన కూర్చుని ఫోన్లో ఎవరికో "ఈసారి పక్కా సార్, ఈసారి పక్కా" అని చెబుతున్నాడు.

ఈ సీజనంతా ఆ మాటే చెబుతున్నాడు.

నిరుడు వీళ్లు ఎవరి టీమూ కాదు. కూలికి పోయి వచ్చి సాయంత్రాలు ఆడుకునే పిల్లలు. మూడు టోర్నీలు గెలిచేసరికి వెంకట్రాం కన్ను పడింది. ఆయనకు రాయి పాలిష్ పట్టే మిల్లు ఉంది. రేపు తెలంగాణ వస్తే ఎమ్మెల్యే కావాలన్న ఆశ ఉంది. జనం పోగయ్యే చోట తన పేరు కనబడాలి. అందుకని టీమును పెట్టుకున్నాడు. పొద్దున ఆరింటి నుంచి పన్నెండింటి దాకా మిల్లులో పని, రోజుకు నూటపది రూపాయలు. మధ్యాహ్నం ప్రాక్టీసు, అందుకు నెలకు పదిహేను వందలు అదనం. కెప్టెన్ అని రాజీకి ఇంకో వెయ్యి. కిలో బియ్యం ఇరవై ఎనిమిదికి చేరిన రోజుల్లో ఆ పిల్లల ఇళ్లకు అది చిన్న మాట కాదు.

జూన్‌లో డోర్నకల్‌లో మొదటి ఆట. ఒకే ఒక్క పాయింటుతో ఓడారు.

ఆట మొదలయ్యే ముందు కోర్టు నడిమిగీత మీద కొబ్బరికాయ కొట్టి, కుంకుమ పెట్టి, "అందరు మంచిగనే ఉన్నరా?" అని కెప్టెన్ను అడగడం నిరంజన్ పెట్టిన ఆచారం. ఆ మాటకు అర్థం ప్రతి ఆడపిల్లకూ తెలుసు. ముట్టయినవాళ్లు ఆ గీత తొక్కకూడదు. డోర్నకల్‌లో రాజీ అలవాటుగా "మంచిగున్నం సార్" అంది. ఓడిపోయాక ఆరా తీస్తే సుమ అనే పిల్ల దాచుకోకుండా నిజం చెప్పేసింది.

"దేవుణ్ణి గీతల పెట్టుకుని ఆడుతున్నం. ముట్టుతోని తొక్కితే గెలుస్తమా?" అన్నాడు వెంకట్రాం. మర్నాటి నుంచి సుమకు టీములో చోటు లేదు. మిల్లులో పనీ లేదు.

కొత్తగూడలో ఇద్దరు పిల్లలు భయపడి ముందే చెప్పి వ్యానులో కూర్చున్నారు. బయ్యారంలో ముగ్గురు. ఎవరు బయటుంటే వాళ్లు లేకుండా ఆడి, మళ్లీ ఓడారు. అప్పుడు రాజీకే ఉపాయం తట్టింది. తమ్ముడి పెళ్లప్పుడు వదిన మింగిన గోళీలు గుర్తొచ్చాయి. ఇంట్లో శుభకార్యమైతే నెలసరిని నాలుగు రోజులు వెనక్కి జరపడానికి ఆడవాళ్లు మింగేవి. మెడికల్ షాపులో అడిగితే చీటీ లేకుండానే ఇచ్చాడు. "దిమాక్ అంటే గిది" అని నిరంజన్ అందరి ముందు మెచ్చుకున్నాడు.

పెళ్లికైతే ముహూర్తం ఉంటుంది. ఆటకు లేదు. ఇవాళ బంద్, రేపు రైల్‌రోకో, ఎల్లుండి రాస్తారోకో. టోర్నీ తేదీలు ముందుకూ వెనక్కూ జరుగుతూనే ఉన్నాయి. ఆట ఎప్పుడు పడుతుందో తెలియదు కనుక గోళీ ఎప్పుడు ఆపాలో తెలియలేదు. నాలుగు రోజుల గోళీలు రెండున్నర నెలలు నడిచాయి. పిల్లల కాళ్లు బరువెక్కాయి, కడుపులు ఉబ్బాయి, కూత సగంలోనే తెగిపోసాగింది. ఏడు టోర్నీల్లో ఆరు ఓడారు. మిగిలిన ఒక్కటీ రైళ్లు ఆగి అవతలి టీం రాకపోవడంతో దక్కింది. ఎందుకు ఓడుతున్నారో చెప్పమంటే నిరంజన్ ఇంకో గంట ప్రాక్టీసు పెంచాడు.

రాజీ సంచిలోంచి గోళీ తీసి గంగాబాయి ముందు చేయి చాపింది.

"మింగు. నీళ్లు ఇగో."

గంగాబాయి గోళీ అందుకోలేదు.

"నువ్వు మింగుతలేవు గదక్కా?"

"ఎవలు చెప్పిన్రు?"

"జనగామ సంది సూస్తున్న. మేం నోట్లె ఏసుకునేదాంక ఎదురుంగ నిలవడతవు. నీది చున్నీ కొసకు ముడేసుకుంటవు."

రాజీ చాపిన చేయి వెనక్కి తీసుకుంది. నిజమే. జనగామలో కోర్టు మధ్యలో గంగాబాయి కూలబడిన రోజు నుంచి తను మింగడం మానేసింది. మూడో రోజుకు నెలసరి వచ్చింది. మళ్లీ నిన్న రాత్రి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు.

"నీకు ఎరుకైంది అది మంచిది కాదని. మరి మాకెందుకిస్తున్నవ్?"

"సుమకు ఏమైందో సూడలేదా? మీ పని పోవద్దని..."

"మా యమ్మ మోతీబాయి ముట్టున్న రోజు పత్తి ఏరింది, మట్టి మోసింది. ఒక్కడు అడగలే. మిల్లుల గూడ ఎవడన్న అడిగిండా? రాయికి లేని ముట్టు గీతకెక్కడిదక్కా?"

అంతలో వ్యాను గుంతలో పడి ఎగిరింది. గంగాబాయి చువ్వల్లోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంది. పొద్దున తాగిన చాయ్ తప్ప కడుపులో ఏమీ లేదు.

భూపాలపల్లి చేరేసరికి ఒంటిగంటన్నర. బొగ్గుబాయి కార్మికుల సమ్మె శిబిరం పక్కనే కోర్టు గీశారు. ఒకవైపు రిలే దీక్షల టెంటు, ఇంకోవైపు స్టేజీ. ఆ రోజు నుంచే బతుకమ్మ మొదలు. తంగేడు పూల కట్టలు ఒళ్లో పెట్టుకుని కార్మికుల కాలనీ ఆడవాళ్లు కోర్టు చుట్టూ కూర్చున్నారు. స్టేజీ మీద తెల్ల చొక్కాతో వెంకట్రాం అప్పటికే ఆసీనుడై ఉన్నాడు.

గంగాబాయి వ్యాను దిగి రెండడుగులు వేసి ఆగిపోయింది. రాజీ ఇక నిరంజన్‌ను అడగలేదు. పిల్లను భుజానికి ఎత్తుకున్నట్టే దీక్షల టెంటులోకి తీసుకుపోయింది. అక్కడ దీక్షలో ఉన్నవాళ్లకు బీపీ చూడటానికి వచ్చిన నర్సమ్మ ఉంది.

నర్సమ్మ పిక్క మీద చేయివేసి చటుక్కున తలెత్తింది.

"ఒక్క కాలే వాసింది. సలికాలం పొయ్యి తీర్గ కాలుతున్నది. ఏమన్న గోళీలు మింగుతున్నవా బిడ్డా?"

రాజీ స్ట్రిప్పు చూపించింది.

"ఎన్ని దినాల సంది?"

"రెండున్నర నెలలు."

నర్సమ్మ ఆ స్ట్రిప్పును చూసింది, రాజీని చూసింది.

"ఇవి వారం పది రోజులకు, అదీ డాక్టర్ను అడిగి మింగేటియి. ఎవరిచ్చిన్రు?"

"నేనే" అంది రాజీ.

"కాలుల రక్తం గడ్డ కట్టిందని నా అనుమానం. గది మీదికి ఎక్కి ఊపిరితిత్తులకు పోతే మనిషి దక్కది. నడిపియ్యకు. ఒక్క అడుగు గూడ నడిపియ్యకు. పెద్ద దవాఖానకు తీస్కపో, ఇప్పుడే."

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, దారులన్నీ బందున్నాయి, గంట పడుతుందన్నారు. రాజీ వ్యాను దగ్గరికి పరుగెత్తింది. నిరంజన్ అడ్డం వచ్చాడు.

"వ్యాను నాది కాదు. సార్‌ను అడుగు."

వెంకట్రాం స్టేజీ మెట్ల మీదికి వచ్చి నిలబడి విన్నాడు. నవ్వు మొహం చెదరకుండానే మెల్లగా మాట్లాడాడు. జనం చూస్తున్నారు మరి.

"ఆడినంక తీస్కపోన్రి. అర్ధగంట ఆటకు ఏమైతది? అది లేకుంటే కూతకు పోయేటోళ్లు ఎవలున్నరు మీకు?"

"సార్, నర్సమ్మ నడిపియ్యొద్దన్నది."

"ఇంతమంది ముంగట ఈ ఒక్కటి గూడ ఓడిన్రనుకో, రేపు టీమూ లేదు, మిల్లు కాడికి వచ్చే పనీ లేదు. పదిమందికి. సమజైందా కెప్టెన్?"

సమజైంది. పదిమంది ఇళ్లు ఒక వైపు, ఒక్క పిల్ల కాలు ఇంకోవైపు పెట్టి తూచమంటున్నాడు. ఈ రెండున్నర నెలలు తను తూచినట్టుగానే.

రాజీ వెనక్కి తిరిగింది. సమ్మె టెంటు ముందు జెండా కట్టిన జీపు ఒకటి ఉంది. దాని బానెట్ మీద కూర్చున్న కార్మిక నాయకుడి ముందుకు పోయి, ఊపిరి అందుకోకుండా అంతా చెప్పేసింది. ఆయన సగం విన్నాక లేచాడు.

"జెండా ఉన్న బండిని ఎవలు ఆపుతరు చెల్లె? పండవెట్టున్రి వెనుక సీట్ల."

నర్సమ్మ తనూ ఎక్కింది. తోడుకు భాగ్య అనే పిల్ల ఎక్కింది. జీపు కదిలేముందు గంగాబాయి కిటికీలోంచి రాజీ మణికట్టు పట్టుకుంది.

"నువ్వు రావా అక్కా?"

"నేనొస్తె వీళ్లకు మళ్ల గోళీలిస్తరు" అంది రాజీ. ఆ మాట తన నోట్లోంచి వచ్చాకే తనకు తెలిసింది ఎందుకు ఆగిపోతోందో.

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. అది పెద్ద దవాఖాన చేరడానికి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు.

కోర్టులో అవతలి టీం అప్పటికే నిలబడింది. కాలనీ పిల్లలు, మంచి వయసు మీద ఉన్నారు. నిరంజన్ కొబ్బరికాయ పట్టుకుని నడిమిగీత దగ్గర చెమటలు తుడుచుకుంటున్నాడు. రాజీ రాగానే పళ్లు బిగించి గొణిగాడు.

"నీ సంగతి మానుకోటల చెప్త. ఇప్పుడైతే నిలబడు."

కాయ ఫెటిల్లున పగిలింది. నీళ్లు సున్నపు గీత మీద పారాయి. కుంకుమ పెట్టాడు. గొంతు సవరించుకుని అందరికీ వినబడేలా అడిగాడు.

"అందరు మంచిగనే ఉన్నరా?"

ఏడుగురు పిల్లలు రాజీ వైపు చూశారు. ఏడు టోర్నీల్లో ప్రతిసారీ వాళ్ల తరఫున జవాబు చెప్పిన నోరది.

"మంచిగ లేం సార్."

నిరంజన్‌కు అర్థం కాలేదు. "ఏందీ?"

"ఒకామె దవాఖానకు పోయింది. ఉన్నోళ్లకు గోళీలు మింగి కాళ్లు ఉబ్బినయ్. మింగిపిచ్చిన దాన్ని నేను. నేనైతే నిన్న రాత్రి సంది బయటున్న."

తంగేడు కట్టలు పట్టుకున్న ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. ఒక ముసలామె "అయ్యో పిల్లా, గట్ల మొగోళ్ల ముంగట..." అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె పక్కనున్న నడివయసామె ఆ కొంగు పట్టి లాగింది.

"ఊకో అత్తా, చెప్పనీ."

"మెల్లగ మాట్లాడు, మెల్లగ" అంటూ నిరంజన్ స్టేజీ వైపు చూశాడు. "పోయి వ్యాన్ల కూసో."

"కూసోను."

"రాజీ! నీ పని పోతది."

"పోతది సార్. సుమది పోలేదా? గంగది ఉన్నా, రేపటికి గంగ ఉంటదో లేదో. ఇగనుంచి ఈ మాట మమ్ములను అడగొద్దు. ఎవలు అడిగినా మేం చెప్పం. గోళీ మింగం. ఆడగలిగినోళ్లు ఆడుతరు, చేతగానోళ్లు కూసుంటరు. అది మా ఒళ్లు చెప్తది, మీ కాయ కాదు."

స్టేజీ మీద కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. వెంకట్రాం లేచాడు. మెట్లు దిగుతున్నాడు. ఇప్పుడు మొహాన నవ్వు లేదు.

రిఫరీ చేతిగడియారం చూసుకున్నాడు. ఆయనా సమ్మెలో ఉన్న బడి పంతులే. "మొదటి కూత మానుకోటది. ఎవలు పోతున్రమ్మా?"

కూతకు పోయే గంగ లేదు. రాజీ కూతకు పోయి మూడేళ్లయింది. మోకాలు దెబ్బతిన్న తర్వాత మూలన నిలబడి పట్టడమే ఆమె పని. ముప్పైకి దగ్గరపడిన ఒళ్లు. కడుపులో పేగులు మెలిపెట్టినట్టు నొప్పి. అవతల ఏడుగురూ చేతులు కలుపుకుని వలలా పరుచుకున్నారు.

రాజీ చున్నీ నడుముకు బిగించింది. వంగి మట్టి తీసి అరచేతులకు రుద్దుకుంది.

"నేనే పోత" అంది.

వెనుక పిల్లలు కోర్టులోకి దిగారో, వ్యాను వైపు నడిచారో ఆమెకు కనబడదు. ఎదుట ఉన్న ఏడుగురి కాళ్ల మీద నుంచి చూపు తిప్పితే ఆట అక్కడికక్కడే పోతుంది. ఎడమచెవి పక్కన వెంకట్రాం చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

రాజీ గుండెల నిండా గాలి పీల్చింది. తడిసిన గీతను దాటి పాదం అవతల మోపింది.

"కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ..."