బీరువా వెనక గోడ

"వందేళ్ళ నాటి మేడ అమ్మబడును. బాగుచేయించుకోవలెను" అన్న ప్రకటన చదవగానే నాకు అనుమానం వచ్చింది. బజారు వీధిలో మేడను ఊరికే ఎవరమ్ముతారు? నలభై ఏళ్ళు తాపీ పట్టినవాణ్ణి. పైన పటారం, లోన లొటారం ఇళ్ళు ఎన్ని చూడలేదు! అనుమానం పెనుభూతం అని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది. ఆ భూతమే మాకు ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది.

కానీ మా అమ్మాయి ఆ ఇంటి మీద మనసు పడింది. కింద ముందుగదిలో కుట్టుమిషన్లు, పైన కాపురం అని అప్పుడే అన్నీ సర్దేసుకుంది. పన్నెండేళ్ళు ఒకరి దుకాణంలో కుట్టి కుట్టి విసిగిపోయిన పిల్ల.

"నువ్వు సరేనంటే రేపే సంతకం పెట్టేస్తా నాన్నా. వద్దంటే మళ్ళీ ఈ ఇంటి ఊసెత్తను," అంది. అంత బరువు నా నెత్తిన పెట్టాక ఊరుకుంటానా?

తలుపు తీసింది రిటైరైన టీచరమ్మ. ఆ ఇల్లు వాళ్ళ నాన్నదట. "అమ్మ పైన పడుకుంది, కాస్త మెల్లిగా మాట్లాడుకుందాం," అంది. ముసలావిడ నిద్ర పేరు చెప్పి పైగది చూపించకుండా తప్పించుకుంటోందేమో అనుకున్నాను.

దూలాలకు చెద లేదు. మెట్లు ఊగలేదు. తూకం గుండు వేలాడదీసి చూస్తే ముందుగది గోడ నిటారుగానే ఉంది. తప్పు దొరక్కపోయేసరికి నా అనుమానం ఇంకా ముదిరింది.

చివరికి నడిమి గదిలో దొరికింది. వంటింటి వైపు గోడకు ఇంత పెద్ద చెక్క బీరువా ఆనించి పెట్టారు, పక్క కిటికీ సగం మూసుకుపోయినా సరే. బుద్ధున్నవాళ్ళెవరైనా వెలుతురుకు అడ్డంగా బీరువా పెడతారా?

"దీన్ని జరపాలి టీచరమ్మా."

"లోపలన్నీ పుస్తకాలండీ. చాలా బరువు."

"దించుతాం."

"అన్ని గోడల్లాంటిదేగా మేస్త్రిగారూ, ఇందులో చూసేదేముంది?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ వెళ్ళి బీరువాకు ఆనుకుని నిలబడింది.

"నాన్నా, పోలీసులా ఏంటా అడగడం?" అని మా అమ్మాయి నా చెవిలో గొణిగింది. నేను వినిపించుకోలేదు. పుస్తకాలు దించి ముగ్గురం కలిసి బీరువా జరిపాం.

మోకాలెత్తు దాకా గోడ పెచ్చులూడింది. ఉప్పు పట్టి తెల్లగా పొంగింది. వేలితో నొక్కితే ఇటుక పొడిపొడిగా రాలింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సున్నపు గోడకు సిమెంటు పూశారు! సున్నమైతే చెమ్మను బయటికి వదిలేస్తుంది. సిమెంటు లోపలే బిగబట్టి గోడను తినేస్తుంది. ఏ తలమాసినవాడమ్మా ఈ పని చేసింది?"

"ముప్పయ్యైదేళ్ళ కిందట నాన్న పిలిపించిన కుర్ర మేస్త్రీ. నేనప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం. వందేళ్ళు చెక్కు చెదరదని చెప్పాడట," అంది టీచరమ్మ.

ఇంకా ఏం బయటపడుతుందోనని వంగి చూశాను. పూత పైఅంచున, సిమెంటు తడిగా ఉన్నప్పుడు అందానికి తాడు అద్దిన గీతలు కనిపించాయి. అందరూ ఒక గీతే అద్దుతారు. అక్కడ రెండున్నాయి, పక్కపక్కనే. ఈ ఊళ్ళో జంట గీతలు అద్దేవాడు ఒక్కడే ఉండేవాడు. పరుగున వెళ్ళి పెరటి తలుపు తీశాను. అదే ఇరుకు సందు. కూలీలం ఆ సందులోంచే వచ్చి వెళ్ళేవాళ్ళం. ఈ ఇంటి వీధివైపు నేను ఏనాడూ చూసి ఎరగను.

ఇల్లు బాగాలేదని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. సిగ్గు లేకుండా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఆ మేస్త్రీని అనకండి," అంది టీచరమ్మ నా వెనకాలే వచ్చి. "పెరట్లోంచి నీళ్ళు మోసుకొస్తూ అమ్మ గోడ పక్కన ఒలకబోసేది. అందుకే చెమ్మ. ఆ మాట అని అని, పోయేదాకా నాన్న ఆవిణ్ణి తిడుతూనే ఉన్నారు. వచ్చినవాళ్ళు ఈ గోడను ఏదైనా అంటే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది. బీరువా అందుకే పెట్టాను."

"ఆ మేస్త్రీని నేనే," అన్నాను.

మా అమ్మాయి నన్ను ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. "ఇక నీ మాట నమ్మి ఇల్లెలా కొనను నాన్నా?"

"కొనొద్దు. వేరే మేస్త్రీని తీసుకొచ్చి చూపించుకో. పూతంతా చెక్కేసి, గోడను ఏడాదైనా ఆరనిచ్చి, మళ్ళీ సున్నం పూస్తే నిలుస్తుందనే నేనంటాను. ఆ మాటనీ అనుమానించు."

నేను చెప్పులు విడిచి మెట్లెక్కాను. వాళ్ళిద్దరూ నా వెనకే వచ్చారు. ముసలావిడ నిద్రపోవడం లేదు, మంచం మీద కూర్చుని ఉంది. కింద మా అరుపులన్నీ విన్నట్టుంది.

"మళ్ళీ ఆ గోడేనా? నీళ్ళు మోసేటప్పుడు నాకు ఒళ్ళు తెలిసేది కాదు నాయనా," అంది.

"తప్పు మీది కాదమ్మా. నేల చెమ్మను నేను పూసిన పూత లోపలే బిగబట్టింది. బిందెడు నీళ్ళు ఒలికితే గోడ అలా అవ్వదు."

ఆవిడ కూతురి వైపు తిరిగింది.

"అయితే నేను ఒలకబోయలేదుటే?"