పది టిక్కులు

రేడియేషన్ పడితే క్యాన్సర్ కణం చస్తుందా, బలుస్తుందా? ఇరవై రెండేళ్లుగా రాజలింగం మనసులో ఈ అనుమానం ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే ఆనాడు తాను చేసిన పని బయటపడుతుంది.

యూనివర్సిటీ ల్యాబ్‌లో అటెండర్‌గా చేసి రిటైరైన మనిషి. తార్నాకలో రెండు గదుల ఇల్లు. పొద్దున్నే శివుడి ముందు దీపం పెట్టనిదే చాయ్ ముట్టడు. ఇన్నాళ్లూ ఆ అనుమానం ఏ మూలనో పడి ఉంది. ఇప్పుడు క్యాన్సర్ అతని ప్రోస్టేట్‌కే వచ్చింది. డాక్టర్ ఇరవై రేడియేషన్ సిట్టింగులు రాశాడు. పది అయ్యాయి. రోజూ సీసాడు నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని మిషన్ కింద పడుకోవడం, లేచి రావడం.

పదో సిట్టింగు శుక్రవారం. ఇంటికి రాగానే భార్యతో అన్నాడు: "సోమవారం నుంచి పోను."

"ఏమైంది?"

"ఏం అయితలేదు. గదే నా బాధ. నొప్పి లేదు, మంట లేదు. లోపల అది చస్తున్నదో, బలుస్తున్నదో ఎవరికెరుక?"

"డాక్టర్‌ను అడగరాదు?"

"అంతా మంచిగనే ఉన్నది పెద్దాయనా అంటడు. నేను కండ్లార చూసిన."

"ఏం చూసినవ్?"

రాజలింగం చెప్పులేసుకున్నాడు.

"పొద్దటి సంది ఇది ఐదోసారి బయటికి పోవుడు. ఒక్క తాన కూసుంటే ఏమన్న గుచ్చుకుంటదా?" వెనక నుంచి ఆమె మాట వినిపిస్తూనే ఉంది.

కాళ్లు అతన్ని క్యాంపస్‌కు తీసుకుపోయాయి. ఇరవై రెండేళ్ల కింద అతను పనిచేసిన ల్యాబ్‌లో అమల అనే పిల్ల రీసెర్చ్ విద్యార్థి. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను గాజు డిష్‌లలో పెంచి, రేడియేషన్ ఇచ్చి, ఇంక్యుబేటర్ అనే వెచ్చటి డబ్బాలో పెట్టింది. "రాజలింగం అన్నా, మా అక్క పెండ్లికి పోతున్న. పది రోజులు డిష్‌లు ముట్టకు. డబ్బా వేడి చూసి, తలుపు మీద కాగితంల రోజొక టిక్కు పెట్టు, చాలు" అంది.

మూడో రోజు అతను ఆగలేక మైక్రోస్కోపులో చూశాడు. మామూలుగా సన్నగా ఉండే కణాలు పెనం మీద పోసిన అట్టుల్లా పరుచుకుని, రెండింతలు ఉబ్బి ఉన్నాయి. ముట్టొద్దన్నవాటిని ముట్టి తానే చెడగొట్టానని భయపడ్డాడు. బ్లీచింగ్ పోసి పారబోశాడు. పది టిక్కులూ ఒక్కసారే పెట్టాడు. అమల తిరిగి వచ్చాక, బూజు పట్టిందని చెప్పాడు. ఆ పిల్ల ఏడ్చింది. పెళ్లి లడ్డూలు మాత్రం చేతిలో పెట్టింది. అతను తిన్నాడు.

ఇప్పుడు అమల ప్రొఫెసర్. రాజలింగం ఆమె గది గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాడు.

"బూజు కాదా?" ఆమె పెన్ను కింద పెట్టింది. "ఆ బూజు కోసం డబ్బాను మూడుసార్లు కడిగిన అన్నా! మా సార్ తోని తిట్లు తిన్న. మరి ఇయ్యాల ఎందుకు యాదికొచ్చింది?"

జబ్బు సంగతి చెప్పాడు. ఆమె కుర్చీ చూపించింది. కూర్చుని, మళ్లీ లేచాడు.

"అవి బలమొచ్చి ఉబ్బలేదు అన్నా. కణం లోపల దారాలుంటయి. రేడియేషన్ వాటిని తెంపుతది. పైకి వెంటనే కనబడది. కణం రెండుగ చీలవోయినప్పుడు, తెగిన దారాలు పంచుకోరాక చస్తది. కొన్ని చావవు గని ఇంకెన్నడు చీలవు. గట్ల ఉబ్బి పడుంటయి. నువ్వు చూసింది గవే."

"మరి మంచి కణాలు?"

"వాటికీ దెబ్బ తగులుతది. గని తెగింది అతుక్కునుడు వాటికి మంచిగ వస్తది. అందుకే కొంచెం కొంచెం రోజూ ఇస్తరు."

"చెడ్డవాటికి అతుక్కునుడు రాదా?"

"కొన్నిటికి వస్తది. నీకు అబద్ధమెందుకు చెప్పాలె? అందుకే నడుమ బంద్ చేయొద్దంటరు."

అతని ముఖంలో నమ్మకం కుదరలేదు. "కండ్ల జూస్తే గని..."

"ఎట్ల చూస్తవ్? మూడో రోజే పారబోస్తివి." ఆమె నవ్వలేదు. "నాకు పది రోజులు బాకీ ఉన్నవ్. సోమవారం రెండు కొత్త డిష్‌లు పెడుతున్న, ఒకదానికే రేడియేషన్ ఇస్త. దవాఖాన నుంచి సక్కగ గీడికే వచ్చి టిక్కు పెట్టు. సిట్టింగుకు పోని రోజు నా ల్యాబ్‌కు రాకు."

సోమవారం మొదటి టిక్కు పడింది. మూడో రోజు మూత్రంలో మంట మొదలైంది. డాక్టర్ మందు రాసి, ఇది మామూలేనన్నాడు. ల్యాబ్‌కు వచ్చేసరికి రాజలింగం చెయ్యి దానంతటదే మైక్రోస్కోపు ముసుగు మీదికి పోయింది. చేతులు కట్టుకుని, శివనామం చెప్పుకుంటూ నిలబడ్డాడు. దేవుడు ఓర్పును మనిషికి మూడో రోజు దాకే ఇచ్చి, నిజాన్ని పదో రోజున ఎందుకు పెట్టాడో అతనికి అర్థం కాలేదు. శని, ఆదివారాలు మిషన్‌కు సెలవు. ఆ రెండు రోజులూ ఇంట్లో కుర్చీకీ గుమ్మానికీ మధ్య తిరిగాడు. మళ్లీ సోమవారం పోయాడు.

ఆఖరి సిట్టింగు రోజున అమల డిష్‌లు కడిగి, బతికిన కణాలు కంటికి కనబడేందుకు ఊదారంగు పోసింది. రేడియేషన్ పడని డిష్ నిండా ఆవగింజలు చల్లినట్టు చుక్కలు. ఒక్కో చుక్క, ఒక కణం పెట్టిన సంతానం. రేడియేషన్ పడిన రెండో డిష్‌ను అతను కిటికీ దగ్గరికి తీసుకుపోయి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఇంకా ఆరున్నయ్ అమ్మా."

"ఉన్నయ్. వీటికి పడింది ఒక్కసారే. నీకు ఇరవై సార్లు."

అతను డిష్ బల్ల మీద పెట్టి, డబ్బా దగ్గరికి నడిచాడు. వేడి చూశాడు. తలుపు మీది కాగితంలో ఈసారి రోజుకొకటిగా పెట్టిన తొమ్మిది టిక్కులున్నాయి, ఒక్క గడే ఖాళీగా ఉంది. పదో టిక్కు పెట్టి, పక్కన ఆ రోజు తేదీ వేశాడు.